ఊటబావి కాడ డ్యూటీ

రాత్రి పదకొండుకి మోటారు వెయ్యాలి.
పుస్తకంలో రాయాలి: వోల్టేజి, నీటి మట్టం, టైము,
కింద నా పేరు, గురువులు.
గోస్తని ఇసకలో దిగిన ఈ సిమెంటు వరల పక్కన
పదమూడేళ్ళుగా నా ముక్కాలిపీట.

పగలు చూస్తే లోయ పెద్దదేం కాదు.
ఇటో కొండ, అటో కొండ, మధ్య ఏరు,
దోసిట పట్టినంత వండ్రునేల.
పల్లంలో వరి, మెరకన చోడి, గట్ల మీద కంది,
ఏటి ఒడ్డున వంగ, బెండ, ఆనప,
తెల్లారేసరికి ఆనందపురం సంతకి చేరాల్సిన కనకాంబరాలు.
ఈ మధ్య ఎగువ మళ్ళలో తెల్లరాళ్ళు నాటారు.
వాటికి నీళ్ళక్కర్లేదు.

మా మేనత్త దాలమ్మ
చిటికెడు మట్టి నోట్లో వేసుకుని చెప్పేది,
"చప్పగున్నాదిరా, ఇంకో వాన పడాల."
ఉమ్మేసేది కాదు. మింగేది.
"రేపు నన్నది మింగదేటి?
ఒకల రుచి ఒకలకి తెలియాల."

ఒక వేసవి దుక్కిలో కర్రుకి ఇటిక తగిలింది.
మన ఇటిక కాదు. మూరెడు పొడుగు, పలకలా వెడల్పు,
ఓ మూల మూడు వేళ్ళ గాడి,
పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో లాగింది.
కొండ మీద బోడిసాములుండేవోరని తాత అన్నాడు.
వాళ్ళకి తిండిగింజలు ఈ పల్లం నుంచే ఎక్కి ఉంటాయి.
అత్త ఆ గాడిలో తన వేళ్ళు పెట్టి చూసుకుంది.
సరిపోయాయి.
తర్వాత దాన్ని కోళ్ళగంప మీద బరువుకి పెట్టింది.

ఇంకోసారి సీసపు గుండు, రేగిపండంత.
పద్మనాభం కొండ కింద ఒక పొద్దుటి యుద్ధం గురించి
బళ్ళో చదివాను, ఎవరు కూలారో, ఎవరు గెలిచారో.
అది నారుమళ్ళు పచ్చగా ఉండే నెల.
గుర్రాలు తొక్కిన నారు మళ్ళీ పోశారో లేదో
పరీక్షలో అడగలేదు.
మావయ్య ఆ గుండుని వలకి కట్టాడు.
ఏటి పరిగెలకి ఇంకో బరువు.

ఇక నీళ్ళ సంగతి.
నేను చేరిన ఏడు మార్చిలో పన్నెండు అడుగులకే నీళ్ళు.
మొన్న మార్చికి ఇరవైమూడు.
రెండూ నా చేత్తో రాసినవే.
నేను మీట నొక్కితే లోయ గొట్టంలో పడి
కొండలు చుట్టి పట్నం చేరుతుంది,
మధురవాడ, ఎండాడ,
ఎవరెవరివో మేడల మీద నల్ల ట్యాంకులు.

ఆ రాత్రి నాలుగింటికి అత్త వచ్చింది,
సెల్లు లైటు వేసుకుని, చెప్పుల్లేకుండా.
"గంటసేపు ఆపరా. నూతిలోకి ఊట రానీ.
పాదు ఒడిలిపోతన్నాది."
అడగడం అదే మొదలు.
మేనత్త కదా, కసురుకోలేను.
సర్కారు జీతం కదా, సరే అనలేను.
మీట మీద చెయ్యి వేశాను. చెయ్యే ఆపింది.

మోటారు ఆగితే
ఏరు ఎంత చప్పుడు చేస్తుందో మర్చిపోయాను.
ఇసక రేణువు రేణువు పక్కకి జరుగుతూ,
దూడ పాలు గుటకేస్తున్నట్టు.
అవతల చీకట్లో అత్త చేద దించడం,
గిలక కీచుమనడం,
చాలాసేపటికి ఒక బుడుంగు.

పుస్తకంలో రాశాను:
4.10 నుంచి 4.50 వరకు కరెంటు లేదు.
ఈ లోయ చరిత్రలో
నేను రాసిన ఒకే ఒక్క అబద్ధం, సంతకంతో సహా.

ఐదున్నరకి మా గుంట ఫోను చేసింది, ఎండాడ నుంచి.
ఆస్పత్రిలో నర్సు, అద్దె గది.
"నాన్నా, కుళాయిలో గాలే వస్తోంది.
ఆరింటికి డ్యూటీ, తల మీద షాంపూ ఉంది."
"కరెంటు పోయిందమ్మా," అన్నాను.
పుస్తకంలో ఉన్న మాటే కదా.

పది రోజులకి పంపుహౌసు మెట్టు మీద
ఒక ఆనపకాయ, లేతది, తొడిమ దగ్గర ఇంకా నూగుతో.
అత్త ఏమీ చెప్పకుండా పెట్టి పోయింది.
ఎత్తి చూశాను.
నా చేతికి బరువు బాగా తెలుసు.
అంతా నీరే.